పళ్ళ డాక్టరు కావాలంటే సుద్దముక్క చెక్కాలా?

పిల్లలూ! మాస్టారు తరగతిలో లేనప్పుడు బల్లమీద సుద్దముక్క దొరికితే మీరేం చేస్తారు? నల్లబల్లమీద బొమ్మలు వేసేవాళ్ళు కొందరు. పక్కవాడి చొక్కాకు పూసేవాళ్ళు కొందరు. మరికొందరు బ్లేడు తీసి దాన్ని నెమ్మదిగా చెక్కుతూ కూర్చుంటారు. ఒకడు గుడిగోపురం చెక్కుతాడు. ఇంకొకడు చదరంగంలో బంటును చెక్కుతాడు. ఇంతలో మాస్టారు వచ్చి "పనికిమాలిన పనులు!" అని కేకలేస్తారు.

అది అంత పనికిమాలిన పనేమీ కాదు సుమా! ఒకప్పుడు అమెరికాలో దంతవైద్య కళాశాలలో సీటు కావాలంటే పరీక్ష హాలులో కూర్చుని సుద్దముక్కను చెక్కి చూపించవలసి వచ్చేది. 1950 ప్రాంతంలో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ దేశమంతటికీ ఒకే ప్రవేశపరీక్ష మొదలుపెట్టింది. దాని పేరు డెంటల్ అడ్మిషన్ టెస్టు. పొట్టిగా డి.ఏ.టి. అంటారు. అందులో జీవశాస్త్రం, రసాయనశాస్త్రం ప్రశ్నలతోపాటు ఒక సుద్దకడ్డీ, ఒక చిన్న కత్తి, ఒక బొమ్మ కూడా ఇచ్చేవారు. బొమ్మలో ఉన్న కొలతల ప్రకారం సుద్దను చెక్కాలి. అంచులు పదునుగా రావాలి. ముఖాలు చదునుగా ఉండాలి. కొంచెం గట్టిగా నొక్కితే సుద్ద పుటుక్కున విరుగుతుంది!

వేలకొద్దీ సుద్దముక్కలను ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, కొలిచి మార్కులు వేయడమంటే మాటలా? 1972లో అమెరికావాళ్ళు సుద్దకు సెలవు చెప్పి, దానికి బదులు కాగితంమీద బొమ్మల ప్రశ్నలు పెట్టారు. కెనడావాళ్ళు మాత్రం సబ్బుబిళ్ళ చెక్కించే పరీక్షను ఆ తరువాత కూడా చాలా ఏళ్ళు కొనసాగించారు.

సుద్ద పోయింది, సబ్బూ పోయింది. అయితే ఆ పరీక్ష వెనుక ఉన్న ప్రశ్న మాత్రం పోలేదు. అదేమిటో, దానికి తయారుకావడం ఎలాగో చూద్దాం.

ఈ పరీక్ష ఎవరు రాస్తారు?

మన దగ్గర ఇంటర్మీడియట్ కాగానే వైద్య విద్యలో చేరవచ్చు. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ చాలామంది ముందు నాలుగేళ్ళు మామూలు కాలేజీలో చదువుతారు. డాక్టరు కావాలనుకునేవాళ్ళు ఆ కాలంలోనే జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం కోర్సులు పూర్తిచేస్తారు. వీళ్ళను ప్రీ మెడికల్ విద్యార్థులు అంటారు. ఆ తరువాత ప్రవేశపరీక్ష రాసి మరో నాలుగేళ్ళు వైద్యంగాని, దంతవైద్యంగాని చదువుతారు. దంతవైద్యం వైపు వెళ్ళేవాళ్ళు రాసేదే డి.ఏ.టి.

ఇప్పుడీ పరీక్ష కంప్యూటరుమీద జరుగుతుంది. నాలుగు భాగాలు ఉంటాయి. మొదటిది ప్రకృతిశాస్త్రాలు: జీవశాస్త్రంలో 40, సాధారణ రసాయనశాస్త్రంలో 30, కర్బన రసాయనశాస్త్రంలో 30, మొత్తం 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. రెండోది ఆకారాలను గుర్తించే పరీక్ష: 90 ప్రశ్నలు, 60 నిమిషాలు. మూడోది చదివి అర్థం చేసుకోవడం: 50 ప్రశ్నలు, 60 నిమిషాలు. నాలుగోది లెక్కలు: 40 ప్రశ్నలు, 45 నిమిషాలు. 2025 మార్చి నుంచి మార్కులను 200 నుంచి 600 వరకు ఉన్న కొలమానంమీద ఇస్తున్నారు. అంతకుముందు 1 నుంచి 30 వరకు ఉండేది.

భాగహారం చేసి చూడండి. శాస్త్రాల భాగంలో ఒక్కో ప్రశ్నకు 54 సెకండ్లు వస్తాయి. ఆకారాల భాగంలో ఒక్కో ప్రశ్నకు 40 సెకండ్లే! భౌతికశాస్త్రం ప్రశ్నలు ఈ పరీక్షలో లేవు. ఎం.బి.బి.ఎస్. లాంటి చదువుకని తయారైన విద్యార్థి దంతవైద్యంవైపు మళ్ళితే, అతనికి పూర్తిగా కొత్తగా కనిపించేది ఈ ఆకారాల భాగమే. పాఠ్యపుస్తకంలో దీనికి పాఠం లేదు. బట్టీపట్టడానికి సూత్రం లేదు. చాలామంది బెంబేలెత్తేది ఇక్కడే.

నోరు ఒక చీకటి గది

పళ్ళ డాక్టరుకు ఆకారాలతో పనేమిటని అడుగుతారా? మీ నాలుకతో మీ పళ్ళను ఒకసారి తడిమి చూడండి. కుంతకాలు ఉలిలాగా ఉంటాయి. రదనికలు మొనదేలి ఉంటాయి. లోపలికి పోయినకొద్దీ చర్వణకాల మీద చిన్న చిన్న కొండలు, లోయలు తగులుతాయి. పెద్దవాళ్ళకు మొత్తం 32 పళ్ళు. దేని ఆకారం దానిదే. మనకు కనిపించేది పైభాగమే. చిగురు కింద వేళ్ళు దాగి ఉంటాయి. పైదవడలోని మొదటి చర్వణకానికి సాధారణంగా మూడు వేళ్ళుంటాయి. ఆ వేళ్ళలో సన్నని కాలువలు, వాటిలో నరాలు, రక్తనాళాలు ఉంటాయి. డాక్టరు ఆ కాలువను శుభ్రం చెయ్యాలంటే అది ఎటు వంగిందో ముందే మనసులో చూడగలగాలి. ఆయన చేతిలో ఉండే ఎక్స్‌రే చదునైన బొమ్మ. పన్నేమో పొడవు, వెడల్పు, లోతు మూడూ ఉన్న వస్తువు. చదునైన బొమ్మను చూసి లోతును ఊహించుకోవాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. పై పళ్ళ వెనుకభాగం డాక్టరుకు నేరుగా కనబడదు. పొడుగుకాడ ఉన్న చిన్న గుండ్రటి అద్దాన్ని నోట్లో పెట్టి, ఆ అద్దంలో చూస్తూ పనిచేస్తారు. అద్దంలో దిక్కులు తిరగబడతాయని మీకు తెలుసు. చేతిని అవతలికి జరిపితే ప్రతిబింబంలో ఇవతలికి వచ్చినట్టు కనిపిస్తుంది. ఆ తికమకలోనే మిల్లీమీటరులో కొద్దిభాగం కూడా తప్పకుండా పని సాగాలి.

అద్దం మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఇంట్లో గోడ అద్దానికి పెన్సిలు మొన ఆనించి చూడండి. మొనకూ, దాని ప్రతిబింబానికీ మధ్య సందు కనబడుతుంది. అద్దానికి పూత గాజు వెనుక ఉండటమే కారణం. పైగా గాజు ముందుతలం కూడా కొంత కాంతిని తిప్పికొడుతుంది కాబట్టి అసలు బొమ్మతోపాటు ఒక మసక బొమ్మ కూడా వస్తుంది. మొహం చూసుకోవడానికి ఇది అడ్డు కాదు గాని, పంటిమీద పనికి అడ్డే. అందుకే మంచిరకం దంతవైద్యుల అద్దాలలో పూత గాజుకు ముందువైపునే ఉంటుంది.

ఆరు రకాల ప్రశ్నలు

ఆకారాల పరీక్షలో ఆరు రకాల ప్రశ్నలుంటాయి. ఒక్కొక్క రకానికి 15.

ఒకటి, ఒక వస్తువు ఏ కన్నంలోంచి దూరుతుందో చెప్పడం. వస్తువును ముందు ఎటైనా తిప్పవచ్చు. కాని కన్నంలోకి పెట్టడం మొదలుపెట్టాక తిప్పకూడదు. అగ్గిపెట్టెను తీసుకోండి. పైనుంచి, పక్కనుంచి, చివరనుంచి చూస్తే మూడు వేరువేరు దీర్ఘచతురస్రాలు. కాబట్టి అది మూడు రకాల కన్నాలలో సరిపోతుంది.

రెండు, వస్తువును పైనుంచి, ముందునుంచి చూసిన బొమ్మలు ఇస్తారు. పక్కనుంచి ఎలా ఉంటుందో చెప్పాలి. మూడు, నాలుగు కోణాలను చూసి చిన్నదానినుంచి పెద్దదాకా వరసగా పేర్చాలి. తేడా కొద్ది డిగ్రీలే ఉంటుంది. కోణమానిని ఇవ్వరు! నాలుగు, కాగితాన్ని మడిచి కన్నం పొడిస్తే, విప్పాక కన్నాలు ఎక్కడెక్కడ ఉంటాయో చెప్పాలి. ఐదు, ఘనాలను గుట్టగా అంటించి, బల్లకు ఆనిన అడుగు తప్ప బయటికి కనబడే ముఖాలన్నిటికీ రంగు వేస్తే, ఎన్ని ఘనాలకు రెండు ముఖాలు రంగైనాయి, ఎన్నిటికి మూడు అని లెక్కపెట్టాలి. ఆరు, అట్టముక్కను గీతల వెంబడి మడిస్తే ఏ పెట్టె తయారవుతుందో చెప్పాలి.

పుట్టుకతో రావాలా? నేర్చుకుంటే వస్తుందా?

ఏటా మా తరగతిలో ఒకరిద్దరు అనే మాట ఒకటుంది. "మాస్టారూ, గోళం, శంకువు లెక్కలు నాకు తలకెక్కవు. బొమ్మ కళ్ళముందు కనబడదు. నేనింతే" అంటారు. తొమ్మిదో తరగతిలోనే తనకు తాను తలుపు వేసేసుకున్నట్టు మాట్లాడతారు. ఆ మాట నిజమైతే ఈ పరీక్ష చాలా అన్యాయమైనది. పుట్టుకతో వచ్చినవాళ్ళకే సీట్లు, రానివాళ్ళు ఎంత చదివినా ఇంతే సంగతులు అన్నమాట. మరి నిజమేమిటి?

1971లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రోజర్ షెపర్డ్, జాక్వెలిన్ మెట్‌జ్లర్ అనే ఇద్దరు చక్కని ప్రయోగం చేశారు. ఘనాలను వంకరటింకరగా అతికించిన రెండు ఆకారాల బొమ్మలు చూపించి, "ఈ రెండూ ఒకటేనా, వేరువేరా?" అని అడిగారు. జవాబుకు పట్టిన కాలాన్ని కొలిచారు. ఒక బొమ్మను రెండోదానికంటే ఎంత ఎక్కువ కోణం తిప్పి ఉంచితే జవాబుకు అంత ఎక్కువ కాలం పట్టింది. కోణాన్నీ, కాలాన్నీ గ్రాఫుమీద పెడితే ఇంచుమించు సరళరేఖ వచ్చింది! అంటే మనం మనసులో బొమ్మను నిజంగా చేతిలో తిప్పినట్టే తిప్పుతున్నాం. సగటున సెకండుకు సుమారు 60 డిగ్రీలు తిప్పుతున్నామని తేలింది.

మనసులో తిప్పడం కూడా ఒక పనే అయితే, సాధనతో ఆ పని బాగుపడాలి గదా? డేవిడ్ ఉట్టాల్, ఆయన తోటివారు ఇలాంటి సాధనమీద జరిగిన 217 పరిశోధనలను ఒకచోట చేర్చి, 2013లో ఫలితాన్ని ప్రకటించారు. ఆడామగా, పిల్లా పెద్దా తేడా లేకుండా సాధన చేసినవాళ్ళలో ఈ శక్తి పెరుగుతుందని వాళ్ళు తేల్చారు. కాబట్టి "నేనింతే" అనే మాటను ఇవాళ్టినుంచి మానెయ్యండి!

అయితే ఇక్కడో మెలిక ఉంది. 2009లో మేరీ హెగార్టీ బృందం దంతవైద్య విద్యార్థులను పరీక్షించింది. పన్నును అడ్డంగా కోస్తే లోపల ఎలా కనబడుతుందో ఊహించడంలో పై ఏళ్ళ విద్యార్థులు మొదటి ఏడాదివాళ్ళకంటే ఎంతో మెరుగు. కాని ఎన్నడూ చూడని కొత్త వస్తువు ఇచ్చినప్పుడు వాళ్ళకు ఆ ఆధిక్యం కనబడలేదు. ఏది సాధన చేస్తే అది బాగుపడుతుంది. అందుకని పరీక్షకు వెళ్ళేవాళ్ళు ఒకే రకం బొమ్మలతో ఆగకూడదు. ఆరు రకాలూ చేయాలి. ఒకే రోజు ఆరు గంటలు కూర్చోవడంకంటే రోజూ కాసేపు కూర్చోవడం మేలు.

మెదడులో రెండు అరలు

పుస్తకజ్ఞానానికీ, చేతి నేర్పుకూ మెదడులో వేరువేరు అరలున్నాయనడానికి ఒక విచిత్రమైన ఉదాహరణ చెబుతాను. హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కు మూర్ఛరోగం తగ్గించడానికి 1953లో మెదడుకు ఆపరేషన్ చేశారు. హిప్పోకాంపస్ అనే భాగంలో చాలామటుకు తీసేశారు. మూర్ఛలు తగ్గాయి గాని, పాపం, కొత్త సంగతులేవీ జ్ఞాపకం ఉండకుండా పోయాయి. ఇప్పుడు మాట్లాడిన మనిషి బయటికి వెళ్ళి తిరిగివస్తే కొత్తవాడే!

కెనడా శాస్త్రజ్ఞురాలు బ్రెండా మిల్నర్ ఆయనకు అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే పని ఇచ్చారు. మూడు రోజులు చేయించారు. రోజురోజుకూ తప్పులు తగ్గుతూ వచ్చాయి. మూడోరోజుకు చెయ్యి చక్కగా సాగింది. కాని ఆ పని అంతకుముందు చేసినట్టే ఆయనకు గుర్తులేదు! మనసు మరిచిపోయినా చెయ్యి నేర్చుకుంది.

పళ్ళ డాక్టరుకు ఈ రెండు అరలూ నిండుగా ఉండాలి. చేతి నేర్పుకు సాధన ఒక్కటే దారి. మరి పుస్తకం సంగతి? అక్కడా సాధనే, కాకపోతే వేరే రకం. చాలామంది ఒకే పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదువుతారు. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే ఇద్దరు దీన్ని పరీక్షించారు. కొందరు విద్యార్థులు ఒక వ్యాసాన్ని రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది కాగితంమీద రాశారు. ఐదు నిమిషాల తరువాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్ళదే పైచెయ్యి: 81 శాతానికి 75 శాతం. వారం తరువాత అడిగితే లెక్క తారుమారైంది. రెండుసార్లు చదివినవాళ్ళకు 42 శాతం, రాసి చూసుకున్నవాళ్ళకు 56 శాతం గుర్తుంది! పరీక్ష రేపే కాదు గదా ఉండేది. కాబట్టి చదివాక పుస్తకం మూసి, మీకు మీరే పరీక్ష పెట్టుకోండి.

మన సంగతి ఏమిటి?

మన దేశంలో మొదటి దంతవైద్య కళాశాలను 1920లో కలకత్తాలో స్థాపించిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ కూడా అమెరికాలో, అయోవా విశ్వవిద్యాలయంలో చదువుకుని వచ్చినవారే. ఇప్పుడు మన రాష్ట్రాలలో బి.డి.ఎస్. సీటు కావాలంటే ఇంటర్ బై.పి.సి. చదివి నీట్ రాయాలి. 2025లో జరిగిన నీట్‌లో 180 ప్రశ్నలకు 180 నిమిషాలు: భౌతికశాస్త్రం 45, రసాయనశాస్త్రం 45, జీవశాస్త్రం 90. ఆకారాల భాగం లేదు, సుద్దముక్కా లేదు.

అమ్మయ్య, బతికిపోయాం అనుకోకండి! మన బి.డి.ఎస్. విద్యార్థులు కాలేజీలో చేరిన కొత్తలోనే మైనపు దిమ్మెలు పట్టుకుని పళ్ళు చెక్కుతారు. కుంతకం, రదనిక, చర్వణకం ఒక్కొక్కటి కొలతల ప్రకారం రావాలి. అమెరికాలో తలుపు బయట అడిగే ప్రశ్నను మనవాళ్ళు లోపలికి వచ్చాక అడుగుతారు. నీట్‌లో ఎన్ని మార్కులు వచ్చినా మైనం ముందు అందరూ ఒకటే. ఆ రోజున చిన్నప్పుడు కాగితం మడిచినవాడికి, మట్టితో వినాయకుణ్ణి చేసినవాడికి, రంగవల్లి చుక్కలు తప్పకుండా కలిపిన అమ్మాయికి ఆ అలవాటు అక్కరకొస్తుంది.

చేసి చూడండి

1. చదరపు కాగితాన్ని సగానికి మడవండి. తరువాత ఒక మూలను లోపలికి మడవండి. మడిచిన మూలమీద కన్నం పొడిస్తే ఎన్ని కన్నాలు వస్తాయి? మూలకు దూరంగా, మడత పడని చోట పొడిస్తే ఎన్ని? ముందు జవాబు రాసి, తరువాత విప్పండి.

2. 27 చిన్న ఘనాలను పొడవుకు 3, వెడల్పుకు 3, ఎత్తుకు 3 పేర్చి బల్లమీద పెట్టారు. అడుగు తప్ప అన్ని ముఖాలకూ రంగు వేశారు. మూడు ముఖాలు రంగైనవి ఎన్ని? రెండు? ఒకటి? అసలు రంగు అంటనివి?

3. ఒకే బిరడా గుండ్రటి కన్నానికీ, చదరపు కన్నానికీ, త్రిభుజపు కన్నానికీ సరిపోవాలి. కారెట్‌తో చెయ్యగలరా? కత్తి పని పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని చెయ్యండి.

4. కాగితంమీద రెండేసి గీతలతో నక్షత్రం గీయండి. ఎదురుగా అద్దం నిలబెట్టండి. చేతికి అడ్డంగా పుస్తకం పెట్టి, అద్దంలోనే చూస్తూ రెండు గీతల మధ్య పెన్సిలు నడపండి. ఎన్నిసార్లు గీత తాకారో లెక్కపెట్టండి. ఐదు రోజులు చేసి, తప్పులను గ్రాఫు గీయండి.

జవాబులు

1. మూలమీద 4, మిగతాచోట 2.

2. మూడు ముఖాలవి 4, రెండు ముఖాలవి 12, ఒక ముఖం ఉన్నవి 9, రంగు అంటనివి 2. మొత్తం 27. రంగైన ముఖాలు 12 + 24 + 9 = 45. ఐదు పక్కలు, పక్కకు 9 చొప్పున చూసినా 45. లెక్క సరిపోయింది!

3. ఎత్తు, వ్యాసం సమానంగా ఉండేలా కారెట్‌ను గుండ్రటి స్తంభంగా కోయండి. పైన వృత్తానికి నడుమ ఒక వ్యాసం గీయండి. ఆ గీతనుంచి రెండువైపులా అడుగు అంచుదాకా ఏటవాలుగా కోయండి. పైనుంచి వృత్తం, ముందునుంచి చదరం, పక్కనుంచి త్రిభుజం కనిపిస్తాయి.

4. దీనికి జవాబు నా దగ్గర లేదు, మీ గ్రాఫులోనే ఉంది. మొదటిరోజు తప్పులు ఎక్కువ వచ్చాయని కాగితం చించెయ్యకండి. ఐదోరోజు కాగితాన్ని దాని పక్కన పెట్టి చూడండి.